ఒకే జాతి, పెక్కు వేషములు
(నిమ్మచెట్టుపై పెరుగు ఒక సీతాకోకచిలుకను గూర్చి)

రూపమునుబట్టి జాతిని నిర్ణయించుట లోకమున సామాన్యముగా జరుగు పని. కాకి నల్లగా నుండును, కొంగ తెల్లగా నుండును. చూచినంతనే ఇది కాకి, ఇది కొంగ అని పసిబాలుడైనను చెప్పగలడు. ఐనను ప్రకృతియందు ఈ గుర్తు అన్ని వేళల పనికిరాదు. ఒకే తల్లికి పుట్టిన బిడ్డలు వేర్వేరు జాతులవారివలె కనబడుటయు, దగ్గర చుట్టరికము లేని రెండు ప్రాణులు కవలలవలె కనబడుటయు కలదు. ఇట్టి వింతను చూచుటకు దూరదేశములకు పోనక్కరలేదు. పెరటిలో ఒక నిమ్మచెట్టో, ఒక కరివేపచెట్టో ఉన్నచో చాలును. ఆ చెట్లపై పెరుగు ఒక సీతాకోకచిలుకను గూర్చియు, అది దేశమునుబట్టి మార్చుకొను వేషములను గూర్చియు ఈ వ్యాసమున విద్యార్థులకు తెలుపదలచితిమి.

ఈ సీతాకోకచిలుకకు శాస్త్రమున పాపిలియో పోలిటెస్ అని పేరు. ఇంగ్లీషున దీనిని కామన్ మార్మన్ అందురు. ఈ వ్యాసమున సౌకర్యమునకై పోలిటెస్ అనియే పిలిచెదము. రెక్కలు చాచినపుడు ఈ కొననుండి ఆ కొనకు సుమారు 3½ మొదలు 4 అంగుళములుండును. వెనుక రెక్కలు రెంటికిని చిన్న తోకలు కలవు. మగది నల్లనిది. దాని వెనుక రెక్కల నడుమ తెల్లని మచ్చలు ఒక వరుసగా తీర్చినట్లుండును. ముందు రెక్కల అంచున చిన్న తెల్లని చుక్కలు కలవు. మగవానియందు ఎచ్చటనైనను ఇంచుమించు ఇదియే వేషము.

ఆడుదాని సంగతి వేరు. మన ప్రాంతమున ఆడుదానికి మూడు రూపములు కలవు. మొదటి రూపము ఇంచుమించు మగదానివలెనే యుండును. దీనిని సైరస్ రూపమందురు. రెండవ రూపమునకు వెనుక రెక్కల నడుమ పెద్ద తెల్లని మచ్చలును, అంచున ఎఱ్ఱని నెలవంక గుర్తులును కలవు. ఇది స్టికియస్ రూపము. మూడవ రూపమునకు ముందు రెక్కలపై తెల్లని చారయు, వెనుక రెక్కలపై ఎఱ్ఱని మచ్చల వరుసలును కలవు. ఇది రోములస్ రూపము. ఈ మూడింటిని ఒకచో నుంచి చూపినచో, ఇవి మూడు జాతులని ఎవరైనను ప్రమాణము చేయుదురు. అట్లు చేసినవారిలో మహాపండితులును కలరు.

పేర్ల కథ

స్వీడను దేశస్థుడగు లిన్నేయస్ ప్రాణులకు శాస్త్రీయ నామముల నిచ్చు పద్ధతిని స్థిరపరచిన మహనీయుడు. ఆయన 1758లో ప్రకటించిన గ్రంథమున పెద్ద సీతాకోకచిలుకలకు గ్రీకుల పురాణకథలోని ట్రాయి యుద్ధవీరుల పేర్లు పెట్టెను. మన మగ సీతాకోకచిలుకకు పామ్మన్ అనియు, తెల్ల మచ్చల ఆడుదానికి పోలిటెస్ అనియు పేరులిడెను. ఆ రెండును వేర్వేరు జాతులని ఆయన తలచెను. పామ్మన్, పోలిటెస్ అనువారు ఆ కథలో ట్రాయి రాజగు ప్రయాము కుమారులు. కాలక్రమమున ఆ రెండును ఒకే జాతియందలి ఆడు మగలని తేలెను. ఈ విధముగా అన్నదమ్ముల పేరులు ఆలుమగలకు వచ్చినవి. రోములస్ అను పేరును క్రామర్ అను డచ్చి పండితుడు 1775లో ఇచ్చెను. అదియు వేరొక జాతియనియే ఆ కాలమున తలచిరి.

ఈ చిక్కును విడదీసినవాడు ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్. ఆయన 1854 మొదలు 1862 వరకు మలయా ద్వీపములలో తిరిగి వేలకొలది సీతాకోకచిలుకలను సేకరించెను. 1865లో ప్రకటించిన వ్యాసమున, ఈ భిన్నరూపములన్నియు ఒకే జాతికి చెందిన ఆడువే యని ఆయన స్పష్టపరచెను. ఈ రూపములలో ఒక్కొక్కటి వేరొక సీతాకోకచిలుకను పోలియుండుటను గూడ ఆయన చర్చించెను.

ఎవరిని పోలినవి?

మన ప్రాంతమున పోలిటెస్‌తోబాటు మరి రెండు సీతాకోకచిలుకలు తిరుగుచుండును. ఒకదానిని ఇంగ్లీషున కామన్ రోజ్ అనియు, రెండవదానిని క్రిమ్సన్ రోజ్ అనియు అందురు. మనము వీనిని గులాబి, ఎఱ్ఱగులాబి అని పిలుచుకొందము. గులాబికి వెనుక రెక్కలపై తెల్లని మచ్చలు, అంచున ఎఱుపు కలవు. ఎఱ్ఱగులాబికి ముందు రెక్కలపై తెల్లని పట్టెలు, వెనుక రెక్కలపై నిండు ఎఱ్ఱని మచ్చలు కలవు. పోలిటెస్ ఆడువాని రెండవ రూపము గులాబిని, మూడవ రూపము ఎఱ్ఱగులాబిని పోలియున్నవి.

ఈ పోలికకు కారణము గులాబుల ఆహారమున కలదు. ఈ రెండు జాతుల పిల్లపురుగులు ఈశ్వరి తీగ, గాడిదగడప మొదలగు మొక్కల ఆకులను తిని పెరుగును. ఈ మొక్కలయందు ఒక విషము కలదు. పురుగు ఆ విషమును తన దేహమున దాచుకొనును. రెక్కలు వచ్చిన పిదపను అది దేహమును విడువదు. తెలియక ఇట్టి దానిని పట్టి తిన్న పక్షి బాధపడును. ఆ చేదు అనుభవమును మరువక, అట్టి రంగులు గలదానిని మరల ముట్టదు. అందుచేతనే గులాబులు తొందర లేక, నెమ్మదిగా, అందరికిని కనబడునట్లు ఎగురును. దాగవలసిన అవసరము వానికి లేదు.

పోలిటెస్‌కు అట్టి విషము లేదు. దాని పిల్లపురుగులు నిమ్మ, నారింజ, కరివేప, మారేడు, వెలగ మొదలగు చెట్ల ఆకులను తినును. కావున అది పక్షులకు మంచి ఆహారము. ఐనను గులాబి వేషము ధరించిన పోలిటెస్ ఆడుదానిని చూచి, పూర్వము మోసపోయిన పక్షి వెనుదీయును. విషము లేనిది విషము గలదాని వేషముచే బ్రతుకుటను మొట్టమొదట వివరించినవాడు హెన్రీ వాల్టర్ బేట్స్. ఆయన 1848 మొదలు 1859 వరకు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతమున ప్రాణులను పరిశీలించి, 1862లో తన సిద్ధాంతమును ప్రకటించెను. అందుచే ఇట్టి పోలికకు శాస్త్రజ్ఞులు బేట్స్ అనుకరణమని పేరు పెట్టిరి.

అనుకరణమనగా సీతాకోకచిలుక తెలిసి చేయు పని యని విద్యార్థులు తలచరాదు. తన రెక్కల రంగు ఎట్లున్నదో అది యెరుగదు. పూర్వము ఎప్పుడో ఏ ఆడుదానికో గులాబిని కొంచెము పోలిన రెక్కలు పుట్టినవి. పక్షులు దానిని కొంత తక్కువగా పట్టినవి. అది ఎక్కువ గ్రుడ్లు పెట్టగలిగెను. ఆ లక్షణము బిడ్డలకు సంక్రమించెను. తరతరములుగా పోలిక బాగుగా గలవి నిలిచినవి, లేనివి పక్షుల పాలైనవి. ఈ విధముగా పక్షుల కన్నులే ఈ చిత్రమునకు చిత్రకారులైనవి.

మగవానికి ఈ వేషము లేకపోవుటేల యని ప్రశ్న కలుగును. ఆడుది గ్రుడ్ల బరువుచే నెమ్మదిగా ఎగురును. తగిన ఆకును వెదకుచు చెట్ల చుట్టు చాలసేపు తిరుగవలెను. అందుచే దానికి అపాయము హెచ్చు, వేషమువలన లాభమును హెచ్చు. మగది వేగముగా, వంకరటింకరగా ఎగిరి తప్పించుకొనును. అంతేగాక మగవాని పాత రంగులు ఆడుది తన జాతివానిని గుర్తించుటకు తోడ్పడునని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

గ్రుడ్డు మొదలు రెక్కల వరకు

ఈ మూడు రూపములును ఒకే జాతియని నమ్ముటకు దాని జీవితచరిత్రను తెలిసికొనవలెను. ఆడుది లేత ఆకులపై లేతపసుపు రంగుగల గుండ్రని గ్రుడ్లను ఒక్కొక్కటిగా పెట్టును. కొలది దినములలో గ్రుడ్డు పగిలి పురుగు వెలువడును. ఈ పురుగు తెలుపు, గోధుమ రంగుల కలయికతో పక్షి రెట్టవలె కనబడును. కావున పక్షులు దానిని లెక్కచేయవు. నాలుగు మారులు చర్మమును విడిచిన పిదప అది ఆకుపచ్చనిదై ఆకులలో కలిసిపోవును. దానిని ముట్టినచో తల వెనుకనుండి ఎఱ్ఱని రెండు కొమ్ములవంటి అవయవమును వెలికి తీసి, దుర్వాసనను విడుచును. చీమలు మొదలగు చిన్న శత్రువులను తరుముటకు ఇది సాధనము.

పూర్తిగా పెరిగిన పురుగు ఒక కొమ్మకు పట్టుదారముచే నడుము కట్టుకొని, ఆహారము మాని, కదలక యుండును. దీనిని ప్యూపా దశ యందురు. పరిసరములనుబట్టి ఈ ప్యూపా ఆకుపచ్చగానో, గోధుమ రంగుగానో ఉండును. ఆ పిదప పైతొడుగు చీలి సీతాకోకచిలుక వెలువడును. మూడు రూపముల ఆడువాని గ్రుడ్లను, పురుగులను, ప్యూపాలను ప్రక్కప్రక్కన నుంచి చూచినను ఏది ఏ రూపముగా పరిణమించునో చెప్పజాలము. రెక్కలు విచ్చిన దినముననే భేదము బయటపడును.

ఒకే తల్లి గ్రుడ్లనుండి వేర్వేరు రూపముల ఆడుపిల్లలు పుట్టుటను ఫ్రయర్ అను శాస్త్రజ్ఞుడు సింహళద్వీపమున పెంచి చూచి, 1913లో ప్రకటించెను. వేషమును నిర్ణయించు వంశలక్షణము తల్లినుండియు, తండ్రినుండియు కూడ బిడ్డకు వచ్చును. ప్రతి బిడ్డకును రెండు ప్రతులు, తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, లభించును. గులాబి వేషపు ప్రతి ఒక్కటి యున్నను ఆడుబిడ్డ గులాబివలె నుండును. అట్టి ప్రతి ఒక్కటియు లేనిచో మగదానివలె నుండును. మగబిడ్డకు ఆ ప్రతి లభించినను పైకి కనబడదు. అతడు దానిని దాచియుంచి తన కుమార్తెలకు అందించును.

ఒక లెక్క వేసి చూతము. తల్లికి గులాబి ప్రతి ఒకటి, సాదా ప్రతి ఒకటి కలవు. తండ్రికి రెండును సాదా ప్రతులే. వారికి 40 మంది బిడ్డలనుకొందము. అందు సుమారు 20 మంది మగవారు. వీరందరును ఒకే విధముగా నుందురు. మిగిలిన 20 మంది ఆడువారిలో సుమారు 10 మంది గులాబివలెను, 10 మంది మగవానివలెను ఉందురు. ఒకే తల్లికి, ఒకే తండ్రికి పుట్టిన అక్కచెల్లెండ్రు రెండు జాతులవలె కనబడుదురన్నమాట.

ఈ ప్రతి దేహములోని ఏ భాగమున నున్నదో తెలియుటకు మరి నూరేండ్లు పట్టెను. 2014లో బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రమునకు చెందిన కృష్ణమేఘ కుంటేగారును, అమెరికాలోని వారి సహచరులును దీనిని కనుగొని ప్రకటించిరి. కీటకములలో ఆడు మగ భేదమును నడుపు డబుల్‌సెక్స్ అను జన్యువే ఇచ్చట వేషమును గూడ నిర్ణయించుచున్నది. గులాబి వేషము గలవానిలో ఆ జన్యువున్న భాగము తలక్రిందులుగా తిరిగియున్నది. ఆడుతనమును, వేషమును ఒకే జన్యువు నడుపుటచే వేషము ఆడువానియందే కనబడుట సులభముగా బోధపడుచున్నది.

దేశమునుబట్టి వేషము

ఇక ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాము. పోలిటెస్ మన దేశము మొదలుకొని సింహళము, బర్మా, సయాము, మలయా, దక్షిణ చైనా, జపానునకు చెందిన దక్షిణ ద్వీపముల వరకు వ్యాపించియున్నది. ఇంత విశాలమైన ప్రదేశమున దాని ఆడువాని రూపములు అన్నిచోట్ల ఒకటి కావు.

ఎఱ్ఱగులాబి ముఖ్యముగా మన దక్షిణాపథమునను, సింహళమునను నివసించునది. అందుచే దానిని పోలిన రోములస్ రూపమును ఈ ప్రాంతములకే చెందినది. బర్మాను దాటి తూర్పునకు పోయినచో ఎఱ్ఱగులాబి లేదు. రోములస్ రూపమును లేదు. గులాబి మాత్రము ఆ దేశములందును కలదు. కావున దాని వేషము ధరించిన ఆడు పోలిటెస్‌లు అచ్చటను కలవు. మన దేశముననే సిమ్లా మొదలగు హిమాలయ ప్రాంతములలో, ఈ గులాబులు లేనిచోట, మగదానివలె నుండు సాదా ఆడువే హెచ్చుగా కనబడును. మాదిరి ఉన్నచోట వేషము కలదు, మాదిరి లేనిచోట వేషమునకు విలువ లేదు.

దీనికి చక్కని నిదర్శనము జపానునకు దక్షిణమునగల రియూక్యూ ద్వీపములలో దొరకినది. అందు మియాకో అను ద్వీపమున పూర్వము పోలిటెస్ ఉండెను గాని గులాబి లేకుండెను. 1970వ దశకమున గులాబి ఆ ద్వీపమునకు వచ్చి స్థిరపడెను. అటు పిమ్మట అచ్చటి పోలిటెస్ ఆడువానిలో గులాబి వేషము గలవాని పాలు పెరుగుచు వచ్చుటను జపాను శాస్త్రజ్ఞులు గమనించిరి. వేలయేండ్లు పట్టునని తలచిన మార్పు కొలది సంవత్సరములలో మనుష్యుల కన్నులయెదుటనే నడచెను.

వేషము ఇంత లాభకరమైనచో అన్ని ఆడువియు దానినే ధరింపకుండుటేల? దీనికి నాణెముల ఉపమానము చాలును. సంతలో మంచి రూపాయలు నూరు, దొంగ రూపాయలు ఐదు ఉన్నచో దొంగ రూపాయ చెల్లిపోవును. దొంగ రూపాయలే నూరైనచో వర్తకుడు ప్రతి రూపాయను మ్రోగించి చూచును. పక్షియు అట్టిదే. విషము గల గులాబులు పెక్కులుండి వేషధారులు కొలదిగా నున్నచో పక్షి ఆ రంగులకు భయపడును. వేషధారులు మితిమీరినచో, పక్షికి మొదట చిక్కునది రుచిగల వేషధారియే. ఆ రంగులు ఆహారమునకు గుర్తని పక్షి నేర్చుకొనును. అప్పుడు వేషము కాపాడుటకు మారుగా ప్రాణము తీయును. కావున వేషధారుల సంఖ్య ఆయా ప్రాంతమున గులాబుల సంఖ్యకు లోబడియుండును.

ఇచ్చట విద్యార్థులు ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. ఒక ప్రదేశముననున్నవన్నియు మరియొక ప్రదేశముననున్నవానికంటె కొంత భిన్నముగా నున్నచో వానిని ఉపజాతులందురు. ఒకే ప్రదేశమున, ఒకే తల్లి బిడ్డలలో కనబడు భేదములను రూపములందురు. మన దేశపు పోలిటెస్ ఉపజాతికి గూడ రోములస్ అనియే పేరు కలదు. మూడవ రూపమునకును అదియే పేరు. పుస్తకములలో ఈ పేరు కనబడినపుడు ఏ యర్థమున వాడిరో చూచి గ్రహింపవలెను.

గుర్తించు విధము

గులాబిని, దాని వేషధారిని వేరుచేయుటకు రెక్కలను గాక దేహమును చూడవలెను. గులాబులు రెంటికిని దేహమున ఎఱుపు స్పష్టముగా కనబడును. పోలిటెస్ దేహము ఏ రూపమునందైనను నల్లనిదే. వేషధారి రెక్కలను ఎంత చక్కగా దిద్దుకొన్నను దేహమునకు రంగు వేసికొనలేదు. దానిని తరిమినచో నెమ్మదినడకను మరచి, తన జాతికి సహజమైన వేగముతో పరుగెత్తును.

మన పని

ఈ జాతిని గూర్చి రైతుబిడ్డలకు ఒక సందేహము కలుగవచ్చును. గూడూరు, తెనాలి ప్రాంతములవారికి నిమ్మ జీవనాధారము. ఆకులను తిను పురుగును పొగడుట యెట్లు? నిమ్మ నారుమళ్లకు హెచ్చు నష్టము చేయునది పోలిటెస్ దాయాదియగు నిమ్మ సీతాకోకచిలుక. పోలిటెస్ పురుగును కొంత తినును. లేత మొక్కలపై పురుగులను చేతితో ఏరివేయుట న్యాయమే. ఏపుగా ఎదిగిన చెట్టు మాత్రము కొలది పురుగులు కొన్ని ఆకులు తిన్నంతమాత్రమున చెడదు. అట్టి చెట్టుపైనున్నవానిని ఊరక చంపవలదు.

కంచెలపై ప్రాకు ఈశ్వరి తీగను, చేనిగట్టున మొలచు గాడిదగడపను పనికిరాని కలుపని పీకివేయుట వాడుక. ఆ మొక్కలు పోయినచో గులాబులు పోవును. గులాబులు పోయినచో పోలిటెస్ వేషమునకు అర్థము పోవును. ఒక తీగకును, రెండు సీతాకోకచిలుకలకును, నిమ్మచెట్టునకును, పక్షికిని నడుమ ఇట్టి సంబంధమున్నదని తెలిసినవారు కంచెమూల ఒక తీగనైనను విడిచిపెట్టుదురు.

ఆసక్తిగల విద్యార్థులు కరివేపచెట్టుపై దొరకిన పురుగులను, గాలి సోకు పెట్టెలో నుంచి, ప్రతిదినము క్రొత్త ఆకులు వేసి పెంచవచ్చును. వెలువడిన వానిలో మగవెన్ని, ఆడువెన్ని, ఆడువానిలో ఏ రూపము ఎన్ని యని తేదీతో వ్రాసి, పిదప వానిని తోటలో విడిచిపెట్టవలెను. ఏటేట ఇట్లు లెక్క వ్రాసియుంచినచో, మన ఊరిలో ఏ వేషము హెచ్చుచున్నదో, ఏది తగ్గుచున్నదో తెలియగలదు. ఫ్రయర్ సింహళమున చేసిన పనియు ఇట్టిదే. దానికి కావలసినవి ఒక కరివేపచెట్టు, ఒక పుస్తకము, ఓపిక.